బాణాలు చెదురుతుంటే పిన్ తిప్పకండి, ముందు డ్రా లెంగ్త్ చూడండి

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దేశంలో సరదా వేటకు తావు లేదు. కాబట్టి ఇదంతా అమెరికాలో లైసెన్సు తీసుకుని, జింకల సీజన్ కోసం మొదటి కాంపౌండ్ విల్లు (కొసల్లో క్యామ్‌లు అనే చక్రాలుండే విల్లు) కొన్నవాళ్లకే. రిలీజ్ (నారిని పట్టి వదిలే, ట్రిగ్గర్ ఉన్న పరికరం) తగిలించడం, నారి లాగడం వచ్చనీ, బాణం పెట్టకుండా నారి వదలకూడదని తెలుసనీ అనుకునే రాస్తున్నాం. ఎడమచేతి వాటం వాళ్లు కుడి, ఎడమలు తారుమారు చేసుకోండి.

ఏ సమస్యకైనా ముందు ఒక పని ఉంది. దాన్ని పదిమందిలో తొమ్మిదిమంది వదిలేస్తారు. అల్లెన్ కీ తీసుకుని సైట్ (గురి చూసే పిన్‌లుండే భాగం), రెస్ట్ (బాణం ఆనే చోటు), క్వివర్ (అమ్ములపొది) స్క్రూలన్నీ ఒకసారి బిగించి చూడండి. తర్వాత బాణాల మీద 1, 2, 3 అని మార్కర్‌తో అంకెలు వేయండి. ప్రతి విడతలోనూ 4వ నంబరు బాణమే పక్కకు పోతుంటే తప్పు విల్లుది కాదు, మీదీ కాదు. ఆ బాణాన్ని చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా వంచి తిప్పండి. చిటచిటమని సన్నగా శబ్దం వస్తే కార్బన్ పగిలినట్టే. దాన్ని విరిచి పారేయండి, చేతిలో పేలితే ముక్కలు ముంజేతిలో దిగుతాయి.

సమస్య: విల్లును ఆకాశానికి ఎత్తితేగానీ లాగలేకపోవడం

డ్రా వెయిట్, అంటే నారి లాగడానికి కావలసిన బలం, ఎక్కువైంది, అంతే. కుర్చీలో కూర్చుని, రెండు పాదాలూ నేల మీంచి లేపి, విల్లును గురికి ఎదురుగానే ఉంచి లాగండి. నడుము ఊగకుండా లాగగలిగితే ఆ బరువు మీదే. లేకపోతే పైన, కింద ఉన్న లింబ్ (విల్లు కొమ్మ) బోల్టులు రెండింటినీ సమానంగా పావు చుట్టు చొప్పున వదులు చేస్తూ రండి. మొత్తం ఎన్ని చుట్లు వదలవచ్చో ఆ విల్లు మాన్యువల్‌లో ఉంటుంది, అంతకు మించొద్దు. జింకకు 50 పౌండ్లు బాగా సరిపోతాయి. చాలా రాష్ట్రాలు అడిగే కనీస బరువు 35 లేదా 40 పౌండ్లే. మీ రాష్ట్రం నియమం చూసుకోండి. 70 పౌండ్లు లాగాలన్న పంతం షాపులో బాగానే ఉంటుంది. చలిలో చెట్టు మీద మూడు గంటలు కూర్చున్నాక భుజం మాట వినదు.

సమస్య: బాణాలు కుడికీ ఎడమకీ చెదరడం, నారి ముంజేతికి తగలడం

అందరూ బోల్తా పడేది ఇక్కడే. చేతికి తగులుతోందని గార్డు కట్టుకుంటారు. ఎడమకు పోతోందని పిన్ ఎడమకు తిప్పుతారు. మర్నాడు కుడికి పోతుంది, మళ్లీ తిప్పుతారు. అసలు కారణం డ్రా లెంగ్త్, అంటే నారిని వెనక్కి లాగే దూరం, పొడవైపోవడం.

ఇది ఎందుకు దొరకదంటే, పొడవు ఎక్కువైన విల్లు కష్టంగా అనిపించదు. 60 పౌండ్ల విల్లుకు 80 శాతం లెట్-ఆఫ్ (చివర్లో తగ్గే బరువు) ఉంటే పూర్తిగా లాగాక చేతిలో ఉండేది 12 పౌండ్లే. ఆ 12 పౌండ్లతో ఇంకో అంగుళం వెనక్కి సాగడం ఒళ్లు విరుచుకున్నంత హాయిగా ఉంటుంది. కానీ ఆ అంగుళం కోసం ఎడమ మోచేయి బిర్రబిగుస్తుంది, ఎడమ భుజం చెవివైపు లేస్తుంది, నడుము వెనక్కి వాలుతుంది. బిగిసిన మోచేయి నారి దారిలోకి వస్తుంది, లేచిన భుజం వల్ల పిడి ఒక్కోసారి ఒక్కోలా మెలిపడుతుంది. మచ్చ ముంజేతి మీదా, చెదురు టార్గెట్ మీదా తేలుతాయి.

కొలత సంగతి చూద్దాం. చేతులు బార చాపి, ఒక మధ్యవేలి కొన నుంచి రెండో దాని కొన దాకా ఎన్ని అంగుళాలో కొలిచి 2.5తో భాగిస్తే సుమారు డ్రా లెంగ్త్ వస్తుంది. బార 67 అంగుళాలైతే 26.8, అంటే 27 దగ్గర మొదలుపెట్టాలి. ఛాతీ విరుచుకుని కొలిస్తే రెండున్నర అంగుళాలు పెరగడం ఎంతసేపు? డ్రా లెంగ్త్‌లో అది ఒక అంగుళం. ఇక షాపు గోడకున్న విల్లు 29 మీద ఉంటే, అలాగే ఇంటికి తెచ్చుకునేవాళ్లకు లెక్క లేదు.

అసలు దొంగ వేరే ఉంది. క్యామ్ మీద అంకె సరిగ్గా 27 చూపిస్తుంది, అయినా మనిషి 28 లాగుతుంటాడు. ఆ తేడా డి-లూప్‌లోనూ (రిలీజ్ తగిలించడానికి నారికి కట్టే చిన్న తాడు) రిలీజ్ పట్టీలోనూ దాక్కుంటుంది. లూప్ వెనక్కి అర అంగుళం ఉంటే చాలు, తాడు వదులై అంగుళం దాకా సాగినవీ కనిపిస్తుంటాయి. మణికట్టు రిలీజ్ పొడవుగా ఉంటే చూపుడువేలి కొస మాత్రమే ట్రిగ్గర్‌కు అందుతుంది. అప్పుడు చెయ్యి దవడ దాటి చెవి వెనక్కి పోతుంది.

ఎవరినైనా పిలిచి, పూర్తిగా లాగి నిలబడ్డప్పుడు సరిగ్గా పక్కనుంచి, భుజం ఎత్తులో ఫోటో తీయమనండి. సెల్ఫీ పనికిరాదు. నారి ముక్కు కొసనూ పెదవి మూలనూ తాకుతోందా? బాణం నాక్ (నారికి తగిలించే తోక) కంటి కిందే ఉందా, చెవివైపు పోయిందా? కుడి మోచేయి బాణం గీతలో ఉందా? వెన్ను నిటారుగా ఉందా? హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ ఇదే రకం విల్లుతో గురిపెట్టేటప్పుడు ఎలా నిలబడుతుందో ఒకసారి చూసి, మీ ఫోటో చూసుకోండి. తేడా తెలిసిపోతుంది.

దిద్దుబాటు ఈ వరసలోనే చేయాలి. మొదట రిలీజ్ పట్టీ కురచ చేయండి, ట్రిగ్గర్ చూపుడువేలి మొదటి, రెండో కణుపుల మధ్య కూర్చోవాలి. మళ్లీ ఫోటో. తర్వాత లూప్ కట్టించండి. మళ్లీ ఫోటో. అప్పటికీ నాక్ వెనక్కే ఉంటే క్యామ్ మాడ్యూల్‌ను (డ్రా లెంగ్త్ మార్చే ముక్కను) అర అంగుళం తగ్గించండి. కొత్తవాళ్ల విళ్లలో చాలావాటికి ప్రెస్ (విల్లును వంచి పట్టే యంత్రం) అక్కర్లేదు, అల్లెన్ కీ చాలు. రెండు క్యామ్‌లకూ మాడ్యూళ్లుంటే రెండూ ఒకే అక్షరం మీద ఉండాలి. డ్రా స్టాప్‌ను (నారి లాగుడు ఆపే ముక్కను) కూడా అదే అక్షరానికి జరపాలి. దాన్ని మరిచిపోతే వెనక గోడ, అంటే లాగుడు ఆగే చోటు, మెత్తగా తగులుతుంది, లేదా లెట్-ఆఫ్ పూర్తిగా రాదు, అప్పుడు విల్లు పాడైందని గోల. ఇంత చేశాక పీప్ (నారిలో ఉండే చూపు రంధ్రం) ఎత్తు, సైట్ కొత్తగా సరిచేసుకోవాలి. అంగుళం తగ్గితే వేగం సెకనుకు సుమారు 10 అడుగులు పడిపోతుంది. జింకకు ఆ తేడా తెలియదు.

డ్రా లెంగ్త్ మరీ పొట్టిగా ఉండటం కూడా జరుగుతుంది, కానీ అరుదు. ముఖం ముడుచుకుని ఇబ్బందిగా ఉంటుంది కాబట్టి ఎవరికివారే పట్టేస్తారు.

సమస్య: ఫీల్డ్ పాయింట్లు గురికి, బ్రాడ్‌హెడ్లు పక్కకు

ఫీల్డ్ పాయింట్ సాధనకు వాడే మామూలు మొన, బ్రాడ్‌హెడ్ వేటకు వాడే బ్లేడ్ల మొన. బ్రాడ్‌హెడ్ ఊగుతోందేమో ముందు చూడండి. బాణాన్ని మొన మీద నిలిపి బొంగరంలా తిప్పితే కొన వణకకూడదు. వణక్కపోతే స్పైన్, అంటే బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకె, చూడాలి. అంకె చిన్నదైతే బాణం గట్టిది. 60 పౌండ్లు, 28 అంగుళాల బాణం, 100 గ్రెయిన్ల మొనకు చాలా పట్టికలు చెప్పేది 400. 500 బాణం అక్కడ మరీ మెత్తన. బాణం మొత్తం బరువు, డ్రా వెయిట్‌లో పౌండుకు 5 గ్రెయిన్లకు తగ్గకూడదు, అంటే 60 పౌండ్లకు కనీసం 300. వేటకు 400 దాటితే మంచిది. ఇవన్నీ సరిగ్గా ఉంటే, బ్రాడ్‌హెడ్ల గుంపు నుంచి ఫీల్డ్ పాయింట్ల గుంపువైపు రెస్ట్‌ను అంగుళంలో ముప్పైరెండో వంతు జరపండి. మూడు బాణాలు వేయండి, మళ్లీ జరపండి. పిన్ మాత్రం ముట్టుకోవద్దు.

క్యామ్ పక్కకు వాలడం, రెండు క్యామ్‌లూ ఒకేసారి తిరగకపోవడం కొత్త విల్లులో అరుదు. అవి ప్రెస్ ఉన్న షాపు పని. లింబ్ చీలిందేమో అని అనుమానముంటే దూదిని దాని అంచుల మీదుగా లాగండి. పోగులు చిక్కుకుంటే ఆ విల్లు ఇక లాగొద్దు.

అంతా సరిచేశాక టీషర్టులో కాదు, వేటకు వేసుకునే మందపాటి జాకెట్‌లో, కూర్చునే వేయండి. స్లీవ్ నారికి తగిలితే ఎంత ట్యూనింగ్ చేసినా దండగే, దాన్ని గార్డుతో అణచండి. టార్గెట్‌గా 8 అంగుళాల కాగితం ప్లేటు పెట్టండి, జింక గుండె, ఊపిరితిత్తుల చోటు సుమారు అంతే. ఏ దూరం నుంచి పొద్దున మొదటి బాణమే రోజూ ప్లేటులో పడుతుందో, ఈ సీజన్‌కు మీ దూరం అదే.