పిత్తాశయం తీశాక ఆగని విరేచనాలు: నా అనుభవం

రాళ్లున్నాయని పిత్తాశయం తీయించుకున్నాక మూడో వారంలో మొదలైంది. టిఫిను తిన్న అరగంటకల్లా నీళ్ల విరేచనం, రోజుకు ఐదారుసార్లు, పసుపుపచ్చగా, మంటతో. పెరుగన్నం, దానిమ్మ తొక్క కషాయం, పాలు మానడం, నాకు నేనే కొనుక్కున్న యాంటీబయాటిక్ అన్నీ దండగే.

చివరికి జీర్ణకోశ వైద్యుడు కాగితం మీద బొమ్మ గీసి చెప్పారు. పైత్యరసాన్ని తయారుచేసేది కాలేయం. పిత్తాశయం దాన్ని చిక్కబరిచి దాచుకుని, కొవ్వు తిన్నప్పుడు పిండే సంచి. ఆ సంచి లేకపోతే రసం రోజంతా పేగులోకి కారుతూనే ఉంటుంది. చిన్నపేగు పీల్చుకోగా మిగిలింది పెద్దపేగుకు చేరితే అక్కడ నీరు ఊరుతుంది.

ముందు మలపరీక్ష చేయించి ఇన్ఫెక్షన్ లేదని తేల్చుకున్నారు. ఆ తర్వాతే పేగులో పైత్యరసాన్ని పట్టేసుకునే కొలెస్టిరమిన్ పొడి రాశారు. 4 గ్రాముల పొట్లం, గ్లాసు నీళ్లలో బాగా కలిపి, టిఫినుకు ముందు. ఇసుక కలిపిన షర్బత్ అనుకోండి! ఇది పైత్యరసంతోపాటు ఇతర మందులనూ పట్టేసుకుంటుందట. నా థైరాయిడ్ మాత్రతో కలిపి వేసుకోబోతే మందుల షాపాయన ఆపాడు. మాత్ర ఉదయం 5 గంటలకు, పొడి 9:30కి, ఆ తర్వాతే ఇడ్లీ.

నాలుగో రోజుకు ఒక్కసారికి తగ్గింది. రెండో వారంలో మలబద్ధకం వస్తే డాక్టరును అడిగి సగం పొట్లానికి దిగాను.

అదే సమయంలో పూరీలూ మానేశాను కాబట్టి ఘనతంతా పొడిదే అనలేను. చాలామందికి ఇది దానంతటదే తగ్గుతుందట. రక్తం, జ్వరం, కామెర్లు ఉంటే మాత్రం ఇది వేరే కథ, వెంటనే వైద్యుడి దగ్గరకు వెళ్లండి.