ఓరుగల్లు కోట గోడను కనిపెట్టుకుని ఉండటం ఎలా?

ఓరుగల్లు కోట చూడటానికి వచ్చేవాళ్లు నేరుగా కీర్తితోరణాల దగ్గర దిగి, సెల్ఫీలు తీసుకుని వెళ్లిపోతారు. నేను కోట లోపలే పుట్టి పెరిగాను. నా మాట విని బండి మట్టికోట దగ్గరే ఆపండి. రోడ్డుకు రెండు పక్కలా తుప్పలు పట్టిన గట్టు కనిపిస్తుంది. చెరువుకట్ట అనుకుంటారు చాలామంది. అదే కోట బయటి గోడ. దాని మీద మట్టి తవ్వితే కోటను తవ్వినట్టే.

తర్వాత వచ్చేది రాతికోట. గణపతిదేవుడు మొదలుపెట్టాడు, రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తిచేసింది. 45 బురుజులు. రాళ్ల మధ్య సున్నం లేదు, బరువు మీదే నిలబడ్డాయి. లోపలివైపు మట్టికట్ట, దాని మీద రాతిమెట్లు ఉంటాయి. 1323లో కాకతీయుల రాజ్యం పోయినా ఈ గోడ ఉంది. అయితే వానకు ఆ మట్టి కొట్టుకుపోయినా, సందులో రావి మొలిచినా రాయి కదులుతుంది. మనం చూడాల్సింది ఈ రెండే.

ఒక బురుజును ఎంచుకోండి. ఏటా వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, ఒకే చోట నిలబడి ఫోటో తీయండి. నేనైతే పాత ఫోటో ఫోన్‌లో తెరిచి, అందులోని రాళ్లు ఎక్కడున్నాయో చూసుకుని, అలాగే కుదిరేదాకా అటూ ఇటూ జరుగుతాను. సందు దగ్గర స్కేలు పట్టుకుని ఇంకో ఫోటో తీయండి. గోడ మీద సుద్దతో కూడా గుర్తు పెట్టొద్దు. తేదీ, దిక్కు నోట్‌బుక్‌లో రాయండి.

రావిమొక్క కనిపిస్తే పీకాలనిపిస్తుంది. పీకొద్దు. చిన్నప్పుడు నేను పీకితే దాంతోపాటు ఒక రాతిచెక్క ఊడి వచ్చింది. ఆ ఖాళీ ఇప్పటికీ కనిపిస్తుంది, చూసినప్పుడల్లా బాధేస్తుంది. పైపైన కోసినా లోపలి వేరు లావెక్కుతుంది. ఫోటో, లొకేషన్ కేంద్ర పురావస్తు శాఖ వాళ్లకు ఇవ్వండి, వేరుదాకా చంపే పని వాళ్లది.

మాలాగా దగ్గరలో ఇళ్లున్నవాళ్లకు ఒక మాట. రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్తగా కట్టకూడదు, పాత ఇంటి మరమ్మతుకైనా అనుమతి కావాలి. అది దాటాక ఇంకో 200 మీటర్ల దాకా కూడా అనుమతితోనే కట్టాలి. తాపీమేస్త్రీని పిలవకముందే అడగండి.

పోయినేడు నా రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే, ఒక మెట్టు కింద జానెడు మట్టి లేదు. రోజూ ఆ దారినే వెళ్తున్నా నా కంటికి ఆనలేదు. ప్రింట్లు తీయించి, మర్నాడే ఆఫీసులో ఇచ్చి వచ్చాను.