హార్డ్‌విక్ హాల్ చూడ్డానికి వెళ్తే ముందు కాసేపు బయటే నిలబడండి

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్, షెఫీల్డ్ వైపు ఉండేవాళ్లు డెర్బీషైర్‌లోని హార్డ్‌విక్ హాల్ అనే పాతకాలపు భవంతికి ఒక పూట పెట్టుకోండి. టికెట్ చూపించి గబగబా లోపలికి పోకుండా ఎదురుగా నిలబడి కిటికీలు గమనించండి, పై అంతస్తుకి వెళ్లేకొద్దీ వాటి ఎత్తు పెరుగుతూ పోతుంది. దర్బారు పైన, పనివాళ్లు కింద, అదీ లెక్క. గాజు బాగా ఖరీదైన రోజుల్లో కట్టిన ఇల్లు కాబట్టి ఆ కిటికీలన్నీ డబ్బు ప్రదర్శనే అనుకోండి. ఇంత గాజు పెట్టినా గోడలు బలహీనపడకుండా పొగగొట్టాలను లోపలి గోడల్లోకి నెట్టారు, డిజైన్ రాబర్ట్ స్మిత్‌సన్‌దని చెబుతారు.

ఇప్పుడు తలెత్తి ఆరు బురుజుల పైన చూడండి. రాతిలో చెక్కిన ఇ, ఎస్ అక్షరాలు ఆకాశంలో కనిపిస్తాయి. ఎలిజబెత్ ష్రూస్‌బరీ, అంటే బెస్ ఆఫ్ హార్డ్‌విక్. ఓ మోస్తరు కుటుంబంలో పుట్టి, నలుగురిని పెళ్లాడి, నాలుగో భర్త 1590లో పోయేనాటికి దేశంలోనే పెద్ద ధనవంతురాళ్లలో ఒకరైంది. ఈ ఇంట్లోకి ఆమె దిగింది 1597లో, అప్పటికి వయసు డెబ్బైకి అటూ ఇటూ. పక్కనే పైకప్పు లేకుండా కనిపించే శిథిలం కూడా ఆమె కట్టించిందే, అది పూర్తికాకముందే ఇది మొదలుపెట్టింది!

లోపల రాతిమెట్లు చాలానే ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లను తీసుకెళ్తే నెమ్మదిగా ఎక్కించండి. ఇంత గాజున్న ఇంట్లో పైగదులు మసకగా ఉంటే ఆశ్చర్యపోకండి, గోడలకు వేలాడే పాత నేత తెరల్లాంటివి వెలిసిపోకుండా వెలుతురు తగ్గిస్తారు, కళ్లు అలవాటుపడేదాకా ఆగండి. 160 అడుగులకు పైగా పొడవున్న లాంగ్ గ్యాలరీలో బైబిల్లోని గిడియన్ (గిద్యోను) కథ నేసిన తెరలు అసలు వదలొద్దు. 1592లో బెస్ సెకండ్ హ్యాండ్‌లో కొన్న సరుకది. పాత యజమాని హాటన్ వంశచిహ్నాలు మార్పించాలి కదా అని బేరమాడి 5 పౌండ్లు తగ్గించుకుంది, తర్వాత వాటి మీద తన చిహ్నాలు వేయించి, హాటన్ ఆడజింకలకు కొమ్ములు పెట్టించి తన రెండో భర్త కావెండిష్ వంశపు దుప్పులుగా మార్చేసింది. ఆ కొమ్ముల్ని వెతకండి, పిల్లలకైతే మంచి ఆట.

స్కాట్లండ్ రాణి మేరీ పేరుతో ఒక గది కూడా ఉంది. ఆమె ఇక్కడ బందీగా ఉందని ఎవరైనా చెబితే నమ్మకండి, 1587లోనే ఆమె తల తీశారు, అప్పటికి ఈ ఇంటికి పునాదే పడలేదు.