శ్రావణంలో కాశీ: పెద్దవాళ్లను తీసుకెళ్లే ముందు

మనకింకా ఆషాఢమే కదా, రద్దీ ఉండదులే అని జులైలో కాశీకి టికెట్లు తీసుకునేవాళ్లున్నారు. అక్కడి లెక్క వేరు. ఉత్తరాదిన నెల పౌర్ణమితో ముగుస్తుంది. గురుపౌర్ణమి మర్నాడే వాళ్లకు శ్రావణం మొదలు, అంటే మనకంటే పదిహేను రోజుల ముందే. సోమవారం దర్శనానికని కాషాయం కట్టి కావళ్లు మోసుకొచ్చే భక్తులతో గోదౌలియా కూడలి ఆదివారం రాత్రికే కిక్కిరిసిపోతుంది. గుడివైపు ఆటోలు, రిక్షాలు కూడా ఆపేస్తారు. రద్దీ రోజుల్లో స్పర్శ దర్శనం ఉండదు, గర్భగుడి గుమ్మం బయటినుంచే చూసి కదలాలి. మోకాళ్ల నొప్పులవాళ్లు వెంట ఉంటే సోమవారం పెట్టుకోకండి. విశ్వనాథుడు బుధవారమూ అక్కడే ఉంటాడు.

ఇక గంగ. కాశీలో ప్రమాద స్థాయి 71.26 మీటర్లు, అంతకు సరిగ్గా ఒక మీటరు కింద హెచ్చరిక స్థాయి. 1978లో 73.90 దాకా వచ్చింది. బయల్దేరే ముందు వారం రోజులు నీటిమట్టం ఎంతుందో చూస్తూ ఉండండి. నీరు పెరిగితే ఘాట్ నుంచి ఘాట్‌కు మెట్లమీద నడిచే దారి మునిగిపోతుంది, పడవలు ఆపేస్తారు. దశాశ్వమేధ హారతి మేడమీదికి, మణికర్ణికలో దహనాలు పై అంతస్తుకు మారిపోతాయి. పిండప్రదానం కోసం వెళ్తుంటే ఎక్కడ చేయిస్తారో, మొత్తం ఎంతవుతుందో పురోహితుడితో ఫోన్లోనే మాట్లాడుకోండి. కేదార్ ఘాట్, మానస సరోవర్ ఘాట్ వైపు సత్రంలో దిగేవాళ్లు గంగ కనిపించే గది కావాలని పట్టుబట్టడం కంటే, రోడ్డు వైపు నుంచి దారుందా అని అడగడం మంచిది.

స్నానం దగ్గర మొహమాటం వద్దు. బురదనీళ్లలో మెట్టు ఎక్కడ ఆగిపోయిందో కనిపించదు, ఉన్న మెట్టుమీదా పాచి. వరద తీశాక ఒండ్రు మరీ జారుడు. గట్టున కూర్చుని చెంబుతో నెత్తిన పోసుకున్నా గంగాస్నానమే. తీర్థమని దోసిలి పట్టి తాగే పెద్దవాళ్లను మాత్రం ఆపడం కష్టం. నెత్తిన చల్లుకోమని ముందే ఒప్పించండి.

మేం దెబ్బతిన్నది వీటిలో దేనివల్లా కాదు, ఫోన్లవల్ల. గుడిలోకి ఫోన్లు రానివ్వరు కదా, అందరివీ కలిపి ఒకే లాకర్లో పెట్టాం. లోపల తోపులాటలో అమ్మ విడిపోయింది. మేం వెళ్లిన గేటునుంచే బయటికొచ్చాం, ఆవిడ జనంతోపాటు ఇంకో గేటువైపు వెళ్లిపోయింది. చేతిలో డబ్బుల్లేవు, సత్రం పేరు గుర్తులేదు, హిందీ ‘పానీ’ దగ్గరే ఆగిపోతుంది. గంటన్నర వెతికాక ఒక పూలకొట్టు అరుగుమీద కనిపించింది, ఎవరో ఇచ్చిన టీ తాగుతూ. మాకే ఏడుపొచ్చింది. అందుకే ఫోను అప్పగించే ముందే తప్పిపోతే ఎక్కడ కలవాలో చెప్పండి. ‘గేటు దగ్గర’ అంటే చాలదు, గేట్లు చాలా ఉన్నాయి. లాకరు కొట్టునే చూపించండి. బస చిరునామా, మీ ఫోన్ నంబరు హిందీలో రాసిన కాగితం, ఓ ఐదొందలు ఎవరివి వాళ్ల నడుం సంచిలోనే ఉండాలి.

పడవ ఎక్కే ముందే మనిషికా పడవకా అని ధర తేల్చుకోండి, లైఫ్ జాకెట్ వేసుకోండి. మణికర్ణికలో ఫొటోలు తీయొద్దు, కట్టెలకు విరాళమంటూ వెంటపడేవాళ్లకు దణ్ణం పెట్టి నడిచిపోండి. కొన్ని రైళ్లు కాశీలోకి రావు, దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాలి. ఒకప్పటి మొఘల్‌సరాయి అదే. టికెట్‌మీద పేరు చూసి కంగారుపడకండి.

తొమ్మిది నిద్రలు చేసేవాళ్లు బీపీ, షుగర్ మాత్రలు పదిహేను రోజులకు సరిపడా పెట్టుకోండి. కాయా పండూ ఏది వదలాలో కూడా ఇంట్లోనే అనుకోండి. మా నాన్న ఘాట్‌లో పురోహితుడు తొందరపెడితే కాకరకాయ అనేశారు. షుగర్ మనిషి. అమ్మ ఇప్పటికీ నమ్మదు, అది తొందరలో అన్నమాటంటే.