ఇంటి గదిలో గొంతు రికార్డింగ్ – ఆరవ పాఠం: నాయిస్ గేట్

గత పాఠంలో మైకుకూ నోటికీ మధ్య జానెడు దూరం ఉంచి, గొంతు పెరిగిన చోట్ల మీటరు మైనస్ 12, మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఆడేటట్లు రికార్డు చేయడం నేర్చుకున్నాము. చదవడం మొదలుపెట్టే ముందు 10 సెకన్లపాటు ఏమీ పలకకుండా గది చప్పుడును మాత్రమే పట్టుకోమని చెప్పాను. ఆ 10 సెకన్లతో ఇప్పుడు పని పడుతుంది.

నాయిస్ గేట్ అంటే ఒక తలుపు. శబ్దం మనం పెట్టిన హద్దును, అంటే త్రెషోల్డును, దాటితే తెరుచుకుంటుంది, అంతకంటే తగ్గితే మూసుకుంటుంది. ఏది గొంతో, ఏది ఫ్యాను హోరో దానికి తెలియదు; శబ్దం ఎంత గట్టిగా ఉన్నదన్నది ఒక్కటే తెలుసు. అందువల్ల వాక్యానికీ వాక్యానికీ మధ్య ఖాళీలో వినిపించే హోరును అది తగ్గించగలదు కాని, మాట సాగుతున్నంతసేపూ ఆ మాట వెనుకనే ఉండే హోరును ఏమీ చేయలేదు. ఫ్యాను ఆపి, కిటికీ మూసి చదవడానికి గేటు బదులు కాదు.

ముందుగా అసలు రికార్డింగుకు ఒక నకలు తీసి పక్కన పెట్టండి. నేను ఒకసారి 40 నిమిషాల కథను చదివి, గేటు వేసి, అదే ఫైలు మీద భద్రపరిచాను. తరువాత వింటే వాక్యాల చివరి క్రియలు సగంలో తెగిపోయి ఉన్నాయి, అసలు ప్రతి లేదు. కథ మొత్తం మళ్లీ చదవవలసి వచ్చింది.

ఇప్పుడు ఖాళీ గది భాగాన్ని వినిపిస్తూ మీటరు చూడండి. అది మైనస్ 54 డెసిబెల్స్ దాటడం లేదనుకుందాము. దానికి 6 డెసిబెల్స్ పైన, అంటే మైనస్ 48 దగ్గర త్రెషోల్డు పెట్టి మొదలుపెట్టండి. చప్పుడు పూర్తిగా పోవాలన్న తొందరలో దీనిని మైనస్ 35కో, మైనస్ 30కో పెంచినప్పుడే తెలుగుకు దెబ్బ తగులుతుంది. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, మామూలు వాక్యం చివర గొంతు సహజంగా దిగుతుంది. "హరి ఊరికి వెళ్లిపోయాడు" అన్న వాక్యాన్ని రికార్డు చేసి, తెర మీద పెద్దది చేసి చూడండి: "పో" దగ్గర అల నిండుగా లేచి, "డు"కు వచ్చేసరికి సన్నబడి, చివరి ఉకారం గది చప్పుడులోకి దాదాపు కరిగిపోతుంది. త్రెషోల్డు ఎక్కువైతే "వెళ్లిపోయా" దగ్గరే తలుపు పడిపోతుంది. వాక్యం మొదట్లో ఉన్న హకారం కేవలం ఊపిరి కాబట్టి గేటు దానిని లోపలికి రానివ్వదు. హరి కాస్తా అరి అవుతాడు, దేవుడు శత్రువవుతాడు.

మొదలును కాపాడేది అటాక్, అంటే తలుపు తెరుచుకోవడానికి పట్టే సమయం. దీనిని 2 నుంచి 5 మిల్లీసెకన్ల మధ్య ఉంచండి. మరీ తగ్గిస్తే తలుపు తెరుచుకున్నప్పుడల్లా టక్కుమంటుంది. రీపర్ అన్న రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో ఉండే రియాగేట్ అన్న గేటులో ప్రీ ఓపెన్ అన్న సదుపాయం ఉంది. దానికి 10 మిల్లీసెకన్లు ఇస్తే మాట రాకముందే తలుపు తెరుచుకొని హకారం దక్కే అవకాశం పెరుగుతుంది.

శబ్దం తగ్గాక కూడా తలుపును కాసేపు తెరిచి ఉంచేది హోల్డ్. దీని విషయంలో మన ద్విత్వాక్షరాలను తలచుకోవాలి. "అప్పుడు", "చెట్టు" అన్నప్పుడు పెదవులో నాలుకో గాలిని బిగపట్టిన క్షణం మాట మధ్యలోనే ఒక చిన్న నిశ్శబ్దం ఉంటుంది. హోల్డ్ చాలకపోతే గేటు ఆ సందులోనే మూసుకొని మళ్లీ తెరుచుకుంటుంది, మాట ముక్కలైనట్లు వినిపిస్తుంది. 200 మిల్లీసెకన్లు ఇస్తే ఈ ఇబ్బంది సాధారణంగా రాదు. ఆ తరువాత తలుపు మెల్లగా మూసుకోవడానికి పట్టే సమయం రిలీజ్. అది వచనానికి 250 మిల్లీసెకన్లు, రాగం తీసి చదివే పద్యానికి 400 వరకు ఉండవచ్చు. ఆడాసిటీ అన్న రికార్డింగు సాఫ్ట్‌వేర్‌లో రిలీజ్‌ను డికే అంటారు.

మూసుకున్నప్పుడు శబ్దం ఎంత తగ్గాలో చెప్పేది రేంజ్. ఆడాసిటీలో దీని పేరు లెవెల్ రిడక్షన్. నా ఉద్దేశంలో గేటులో అన్నిటికంటే ముఖ్యమైన మీట ఇదే. పూర్తి నిశ్శబ్దం కోరితే మాటతోపాటు గది రావడం, మాట ఆగగానే గది మాయమవడం చెవికి తెలిసిపోతుంది, ఆ రాకపోకలు అసలు హోరు కంటే ఎక్కువ విసిగిస్తాయి. మైనస్ 12 డెసిబెల్స్ చాలు. అంతటితో హోరు అల ఎత్తు నాలుగో వంతుకు పడిపోతుంది, పొరపాటున ఒక ఉకారం మీద తలుపు పడినా అది సన్నగానైనా మిగులుతుంది.

గేటును కంప్రెసర్‌కు ముందే పెట్టాలి. కంప్రెసర్ పెద్ద శబ్దాన్ని తగ్గించిన తరువాత మొత్తం స్థాయిని పైకి లేపుతాము కాబట్టి గది చప్పుడు కూడా దానితోపాటే లేస్తుంది. అప్పుడు గొంతుకూ హోరుకూ మధ్య గేటుకు దొరికే ఎడం తగ్గిపోతుంది.

సాధన కోసం "డు", "ది", "రు"లతో ముగిసే పది వాక్యాలను మామూలు గొంతుతో చదివి రికార్డు చేయండి. రేంజ్‌ను మైనస్ 12 దగ్గరే ఉంచి, త్రెషోల్డును మైనస్ 48, మైనస్ 42, మైనస్ 36 దగ్గర పెట్టి మూడు ప్రతులు తీయండి. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని, తెర వైపు చూడకుండా, ఏ ప్రతిలో ఎన్ని చివరి అచ్చులు నిండుగా వినిపించాయో కాగితం మీద రాసుకోండి. కంప్రెసర్ గురించిన వచ్చే పాఠాన్ని పదీ దక్కిన ప్రతితో మొదలుపెడదాము.