గ్రీకు ‘నౌస్’ని బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా?

ప్రాచీన గ్రీకులో ‘నౌస్’ అంటే ఓడ. స్త్రీలింగం. ఏకవచనంలో దీని రూపాలు ఇవి: నౌస్, నెఓస్, నేఇ, నౌన్. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన కనపడదు. పట్టిక చూడగానే కొత్తగా నేర్చుకునేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. కంగారు పడకండి. మన నావ, నౌక దీనికి దగ్గరి చుట్టాలే.

1. ముందు సంస్కృత ‘నౌ’ శబ్దం పైకి చదవండి: నౌః, నావౌ, నావః. సప్తమీ బహువచనం నౌషు. వెనక అచ్చు వస్తే ‘నావ్’, లేకపోతే ‘నౌ’. ఈ ఒక్క సూత్రం చాలు.

2. అదే సూత్రంతో గ్రీకు పట్టిక చూడండి. హల్లు ముందు ‘నౌ’ చెక్కుచెదరలేదు: నౌస్ (ఓడ), నౌన్ (ఓడను), నౌసి (ఓడలకు). నౌషు పక్కన నౌసి పెట్టి చదవండి, ఎంత దగ్గరో! అచ్చు ముందు ‘నావ్’ ఉండాలి కదా? ఉండేది. అచ్చుల మధ్య వకారం రాలిపోయింది, ‘నా’ కాస్తా ‘నే’ అయింది. అందుకే నేఇ (ఓడకు), నేఎస్ (ఓడలు). మన నావః, వాళ్ల నేఎస్ ఒకటే.

3. షష్ఠి దగ్గర కాస్త ఆగాలి. ‘ఓడ యొక్క’ అనడానికి హోమర్ కావ్యాల్లో నేఒస్ అని ఉంటుంది. ఏథెన్స్‌వాళ్ల నోట అదే నెఓస్ అయింది. ముందున్న దీర్ఘం హ్రస్వమైంది, వెనకున్న హ్రస్వం దీర్ఘమైంది. ఇంగ్లీషు అక్షరాల్లో మామూలుగా రాస్తే ఈ తేడా కనపడదు. ఎ-ఏ, ఒ-ఓ గ్రీకులోనూ తెలుగులోనూ వేర్వేరు అక్షరాలు. కాబట్టి మీ పట్టికను తెలుగు లిపిలోనే రాసుకోండి. ఇది మనకు నిజంగా కలిసొచ్చిన అదృష్టం.

4. ఏ రూపాన్నీ ఆర్టికల్ (ఇంగ్లీషు ‘the’ లాంటి చిన్న మాట) లేకుండా గుర్తుపెట్టుకోవద్దు. ‘హే నౌస్’ అంటే ఓడ, ‘తాస్ నౌస్’ అంటే ఓడలను. ‘తేస్ నెఓస్’ అంటే ఓడ యొక్క. ‘హొ నెఓస్’ అంటే మాత్రం గుడి! ముందున్న చిన్న మాట వదిలేస్తే ఓడ కాస్తా గుడి అయిపోతుంది.

5. అర్థం వాక్యాన్నిబట్టి తేల్చుకోండి. ‘మక్రా నౌస్’, అంటే పొడుగు ఓడ, యుద్ధనౌక. క్రీ.పూ. 480లో సలామిస్ దీవి దగ్గర పర్షియన్లతో గ్రీకులు చేసింది ‘నౌమఖియా’, ఓడల యుద్ధం. అప్పటి త్రియేరేస్ అనే ఓడలో మూడు వరుసల్లో 170 మంది తెడ్లు వేసేవాళ్లు. ‘నౌతేస్’ అంటే నావికుడు. ఓడ ఊగినప్పుడు కడుపులో తిప్పే వికారం ‘నౌతియా’. డాక్టర్లు నాసియా అనేది దాన్నుంచి వచ్చిందే.

6. ఇప్పుడు ఒక వాక్యం: ‘హై నేఎస్ ఎన్ తోయ్ లిమెని ఎయ్సిన్.’ ఓడలు రేవులో ఉన్నాయి. దీన్నే ఒక్క ఓడకు మార్చండి. ‘హే నౌస్ ఎన్ తోయ్ లిమెని ఎస్తిన్’ అని వచ్చిందా? అయితే రేపు నెఓస్‌తో మొదలుపెట్టండి.