పాత పిన్‌బాల్ యంత్రంలో పాడైన ప్రధాన బోర్డును మార్చే విధానం

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలలో ఎవరి ఇంట్లోనైనా, క్లబ్బులోనైనా 1970ల చివరినాటి పిన్‌బాల్ యంత్రం (అద్దం కింద ఇనుప బంతిని మీటలతో కొట్టి స్కోరు చేసే ఆట) మిగిలి ఉంటే, దానిని మళ్లీ ఆడించడానికి చాలాసార్లు చేయవలసి వచ్చే పని వెనుక పెట్టెలోని ప్రధాన బోర్డును మార్చడం. కొత్త బోర్డు తెప్పించి బిగించడానికి అరపూట చాలు. కానీ పాత బోర్డు ఎందుకు పోయిందో తేల్చకుండా బిగిస్తే, కొత్తది కూడా మొదటి స్విచ్ వేయగానే పోవచ్చు. అందువల్ల ఇక్కడ బిగింపు గురించి కన్నా, బిగించక ముందు చేయవలసిన పరీక్షల గురించే ఎక్కువగా చెబుతున్నాను. ఉదాహరణగా షికాగోకు చెందిన బాలీ కంపెనీ 1977లో తెచ్చిన ‘ఎయిట్ బాల్’ యంత్రాన్నీ, అందులోని ఏఎస్-2518-17 బోర్డునూ తీసుకుంటున్నాను. తరువాత వచ్చిన ఏఎస్-2518-35 బోర్డుకు కూడా ఈ క్రమమే వర్తిస్తుంది.

ఈ బోర్డులో మోటరోలా 6800 ప్రాసెసర్, ప్రాసెసర్‌ను బయటి భాగాలతో కలిపే 6820 రకం పీఐఏ చిప్పులు రెండు, లెక్కలనూ అత్యధిక స్కోరునూ గుర్తుంచుకునే 5101 మెమొరీ చిప్పు ఉంటాయి. కరెంటు లేనప్పుడు ఆ మెమొరీని నిలిపేందుకు 3.6 వోల్టుల నికెల్-కాడ్మియం బ్యాటరీని బోర్డు మీదే టంకం వేసి అమర్చారు. బోర్డుకు ప్రధాన శత్రువు ఆ బ్యాటరీయే. ఏళ్లు గడిచాక అందులోని పొటాషియం హైడ్రాక్సైడ్ బయటికి ఒలికి, పక్కనున్న రీసెట్ భాగాన్నీ, చిప్పుల సాకెట్లనూ, కనెక్టర్ పిన్నులనూ తినివేస్తుంది. కళింగపట్నం, భావనపాడు వంటి తీర గ్రామాల ఉప్పుగాలీ, వర్షాకాలపు తేమా ఆ పనిని మరింత వేగిరపరుస్తాయి. బోర్డు మీద ఆకుపచ్చని లేక తెల్లని పొడి, నల్లబడిన రాగి గీతలు, బూడిద రంగుకు తిరిగిన టంకం కనిపిస్తే అది ఈ వ్యాధే. తుప్పు సాకెట్ల కిందికి పాకకపోతే బోర్డును బాగుచేయవచ్చు. పాకి ఉంటే మార్చడమే మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే శుభ్రం చేసిన గీతల లోపల మిగిలిపోయిన క్షారం కొన్ని నెలల తరువాత మళ్లీ పని మొదలుపెడుతుంది.

అయితే యంత్రం మూగబోయినంత మాత్రాన బోర్డే పోయిందని తీర్మానించకూడదు. బోర్డు మీద ఒక చిన్న ఎల్‌ఈడీ ఉంటుంది. స్విచ్ వేయగానే అది ఒక్క క్షణం తళుక్కుమని, ఆపైన వరుసగా ఏడుసార్లు వెలిగి ఆరాలి. మొదటి వెలుగు ప్రోగ్రాం చిప్పులు బాగున్నాయని, రెండవది 6810 మెమొరీ, మూడవది 5101, నాల్గవది, అయిదవది రెండు పీఐఏలు, ఆరవది డిస్‌ప్లే టైమర్ బాగున్నాయని, ఏడవది కాయిళ్లకు (బంతిని కొట్టే విద్యుదయస్కాంత తీగచుట్టలకు) వెళ్లే 43 వోల్టుల సరఫరా అందుతున్నదని తెలుపుతాయి. ఆరు వెలుగుల తరువాత ఆగిపోతే తప్పు చాలావరకు బోర్డుది కాదు, 43 వోల్టుల ఫ్యూజు పోయి ఉంటుంది. ఎల్‌ఈడీ అసలు వెలగకపోయినా, వెలిగి అలాగే ఉండిపోయినా, ముందుగా 5 వోల్టుల సరఫరాను కొలవాలి. అది 4.8కి తగ్గినా ప్రాసెసర్ మొండికేస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ప్లగ్గును గోడ నుంచి పూర్తిగా తీయాలి. స్విచ్ ఆపితే సరిపోదు. స్కోరు డిస్‌ప్లేలకు సుమారు 190 వోల్టుల సరఫరా ఉంటుంది కనుక, ప్లగ్గు తీసిన తరువాత కూడా కెపాసిటర్లలో నిలిచిన కరెంటు దిగిపోయేందుకు కొన్ని నిమిషాలు వదిలేయాలి. బొమ్మ వేసిన వెనుక అద్దాన్ని ఇద్దరు పట్టుకుని జాగ్రత్తగా దింపి, దుప్పటి పరచిన మంచం మీద పెట్టడం మేలు. ఆ అద్దం పగిలితే దొరకడం బోర్డు దొరకడం కన్నా కష్టం. ఇల్లు ఎర్తింగు సరిగా ఉన్నదో లేదో కూడా ఎలక్ట్రీషియన్ చేత పరీక్షింపజేయాలి. ఈ యంత్రం ముందు భాగమంతా ఇనుప పట్టీలే కాబట్టి, ఎర్తు లేని పాత ఇళ్లలో ఇది ఆటాడే పిల్లలకు నిజమైన ప్రమాదం.

అమెరికా కోసం తయారైన యంత్రమైతే అది 120 వోల్టులది. మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే బోర్డులన్నీ ఒకేసారి పోతాయి. కనీసం 500 వీఏ (వోల్ట్-ఆంపియర్ల) స్టెప్-డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ వాడాలి. ఐరోపాకు పంపిన యంత్రాలలో లోపలి ట్రాన్స్‌ఫార్మర్‌కే వేర్వేరు వోల్టేజీల తీగలు ఉంటాయి గనుక, దాని మీది చీటీని చదివి, మన వోల్టేజీకి సరిపోయే తీగకు కలిపి ఉందో లేదో చూడాలి. తుపాను తరువాత కరెంటు పునరుద్ధరించే రోజుల్లో వోల్టేజి ఎక్కువ తక్కువలు కావడం మన జిల్లాల వారందరికీ తెలిసినదే కాబట్టి, మంచి స్టెబిలైజరు కూడా అవసరం.

ఇప్పుడు పాత బోర్డును తీయవచ్చు. ముందు అన్ని వైపుల నుంచి ఫోటోలు తీసి, జే1 నుంచి జే4 వరకు కనెక్టర్లకు కాగితం ముక్కలతో పేర్లు అంటించాలి. కనెక్టర్లను తీగలు పట్టుకుని లాగకుండా, ప్లాస్టిక్ భాగాన్ని అటూ ఇటూ కదుపుతూ తీయాలి. బోర్డును పట్టుకున్న నైలాన్ కొక్కేలు పెళుసుబారి ఉంటాయి; వాటిని ప్లయర్‌తో మెల్లగా నొక్కి ఒక్కో మూలా విడిపించాలి. బోర్డు మీది 32 చిన్న స్విచ్‌ల అమరికను కూడా ఫోటో తీసి, కాగితం మీద రాసుకోవాలి. నాణేనికి ఎన్ని ఆటలు, ఆటకు ఎన్ని బంతులు అన్న వివరాలన్నీ వాటిలోనే ఉంటాయి.

అన్నిటికన్నా ఓపికగా చేయవలసిన పరీక్ష బోర్డు లేకుండా యంత్రాన్ని వెలిగించి చూడడం. ప్రధాన బోర్డు లేనప్పుడు ఏ కాయిల్ కూడా కదలకూడదు. స్విచ్ వేయగానే ఏదైనా ఒకటి టక్కున లాగి అలాగే ఉండిపోతే, కాయిళ్లను నడిపే సోలినాయిడ్ డ్రైవర్ బోర్డు మీద దానికి చెందిన ట్రాన్సిస్టర్ షార్ట్ అయినట్టు లెక్క. వెంటనే ఆపి, దానిని మార్చి, ఆ కాయిల్ మీది డయోడును కూడా పరీక్షించాలి. డయోడు మీది గీత ఉన్న కొస కరెంటు వచ్చే వైపు ఉండాలి. తరువాత అదే డ్రైవర్ బోర్డు మీద 5 వోల్టులను కొలవాలి. అక్కడ సీ23 అనే పెద్ద కెపాసిటర్ ఉంటుంది. అది 11,700 మైక్రోఫారాడ్లది. ఇన్నేళ్లకు దాని శక్తి తగ్గిపోయి 5 వోల్టుల సరఫరాలో అలలు పుట్టిస్తుంది. దానిని 15,000 మైక్రోఫారాడ్, 25 వోల్టుల కొత్త దానితో మార్చడం అతి తక్కువ ఖర్చుతో జరిగే మేలు. విశాఖపట్నం ఎలక్ట్రానిక్స్ దుకాణాలలో అడిగి చూడవచ్చు. ఈ కొలతలన్నీ ఒక్క చేత్తోనే తీస్తూ, రెండో చేతిని యంత్రానికి దూరంగా ఉంచాలి, ఎందుకంటే 190 వోల్టులు కూడా ఈ బోర్డు మీదే తయారవుతాయి.

మళ్లీ ప్లగ్గు తీసి, బంతి తిరిగే మైదానం పలకను పైకెత్తి, జే2 కనెక్టర్‌లోని తీగలలో ఏదైనా కాయిల్ కరెంటు తీగకు తగులుతున్నదేమో మల్టీమీటరుతో చూడాలి. ఊడిపోయిన తీగ కొస ఒకటి కాయిల్ కొసకు తగిలితే 43 వోల్టులు నేరుగా స్విచ్ తీగలలోకి పారి, పీఐఏ చిప్పును కాల్చేస్తాయి. పాత బోర్డు మీద ఆ పీఐఏలలో ఒకటైన యూ10 చిప్పు కాలి ఉంటే కారణం ఇక్కడే వెతకాలి.

కనెక్టర్ల విషయంలో చాలామంది పిసినారితనం చూపి నష్టపోతారు. బ్యాటరీ క్షారం పిన్నుల ద్వారా తీగలలోకి కూడా పాకుతుంది. పాత తొడుగులను కొత్త పిన్నులకు తగిలిస్తే ఆ జబ్బు కొత్త బోర్డుకు అంటుకుంటుంది. 2.54 మిల్లీమీటర్ల దూరం గల కొత్త తొడుగులనూ, లోహపు బిగింపులనూ తెచ్చి, నల్లబడిన తీగ కొసలను కత్తిరించి, క్రింపింగ్ ప్లయర్‌తో ఒక్కొక్కటిగా మార్చాలి. ఒక తీగ తీసి, దానినే బిగించి, ఆపైన రెండోది తీస్తే వరుస తప్పదు. పొడి చిమ్మిన ఇతర భాగాలను వెనిగర్‌తో తుడవాలి. బ్యాటరీ నుంచి వచ్చినది క్షారం గనుక దానిని అణచేది ఆమ్లమే. వంటసోడా వాడితే ప్రయోజనం లేదు. తరువాత శుభ్రమైన నీటితో, చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, పూర్తిగా ఆరనివ్వాలి.

కొత్త బోర్డులు ఈ కాలంలో బ్యాటరీ అవసరం లేని మెమొరీతో, అనేక ఆటల ప్రోగ్రాములు ఇమిడ్చి వస్తున్నాయి. ఏ ఆట అన్నది బోర్డు మీది స్విచ్‌ల ద్వారా ఎంచుకోవాలి. అమరిక బోర్డుతో వచ్చిన కాగితంలో ఉంటుంది. ‘ఎయిట్ బాల్’ ఎంచుకున్నామా లేదా అని బిగించక ముందే చూసుకోవాలి, వేరే ఆట ప్రోగ్రాం నడిస్తే కాయిళ్లు తప్పుగా కదులుతాయి. బోర్డును సంచి నుంచి తీసే ముందు ఎర్తయిన లోహాన్ని తాకి, అంచులు పట్టుకుని మాత్రమే ఎత్తాలి. కొక్కేలకు బోర్డును నొక్కి బిగించి, మొదట జే4 ఒక్కదానినే తగిలించి స్విచ్ వేయాలి. ఏడు వెలుగులు వచ్చి తీరాలి. వస్తే ఆపి, జే1 తగిలించి మళ్లీ చూడాలి. ఆపైన జే2, జే3 కూడా ఇదే పద్ధతిలో. యంత్రం వెలుగుతుండగా ఏ కనెక్టరూ తగిలించకూడదు, తీయకూడదు. ఒక కనెక్టర్ తగిలించాక వెలుగులు తగ్గితే, తప్పు ఆ తీగల గుంపులో ఉన్నదని వెంటనే తెలిసిపోతుంది. ఈ క్రమం వల్ల కలిగే పెద్ద లాభం అదే.

చివరగా నాణేల తలుపు లోపలి ఎర్ర మీటను నొక్కాలి. ఒక్కో నొక్కుకు యంత్రం తన బల్బులను, స్కోరు అంకెలను, కాయిళ్లను వరుసగా పరీక్షించుకుని, అతుక్కుపోయిన స్విచ్ ఉంటే దాని సంఖ్యను అంకెలలో చూపిస్తుంది. కాయిళ్ల పరీక్షలో ఒకటి కదలకపోతే తీగనూ ఫ్యూజునూ చూడాలే గాని కొత్త బోర్డును అనుమానించనవసరం లేదు. అన్నీ సరిగా ఉన్నాక అద్దాన్ని తిరిగి బిగించవచ్చు. పాత బోర్డును పారేయక, బ్యాటరీని కత్తిరించి విడిగా పారవేసి, చిప్పులు దాచుకుంటే మరో యంత్రానికి పనికివస్తాయి. వర్షాకాలంలో యంత్రాన్ని ప్లాస్టిక్ కవరుతో బిగించి కప్పకుండా నూలు దుప్పటి వేసి ఉంచాలి, వారానికి ఒకసారైనా కొంతసేపు వెలిగించాలి. బల్బుల వేడికి వెనుక పెట్టెలోని తేమ ఆరిపోతుంది.